గ్యాస్ అయిపోయిందా... గాలి ఆడట్లేదా?

ఏసీ చల్లగా రావట్లేదని ఫోన్ చేస్తే చాలు, మెకానిక్ ఇంకా మెట్లు ఎక్కకముందే రోగం తేలిపోతుంది. 'గ్యాస్ అయిపోయి ఉంటది సార్.' ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళల్లో ఎక్కువగా వినిపించే డైలాగుల్లో ఇదొకటి. బయట 43 డిగ్రీల ఎండ, ఇంట్లో పెద్దవాళ్ళు, చంటిపిల్లలు. అలాంటప్పుడు ఎవరు మాత్రం బేరాలాడతారు? 'సరే, పట్టించేయండి' అంటాం. రెండు మూడు వేలు చేతులు మారతాయి. మళ్ళీ వేసవికి అదే కథ.

ఒక్క విషయం తెలిస్తే ఈ కథ చాలా ఇళ్ళల్లో ఆగిపోతుంది. ఏసీలో గ్యాస్ అనేది బండిలో పెట్రోల్ లాంటిది కాదు. వాడే కొద్దీ తరగదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే పదేళ్ళయినా అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు మూయకుండా మళ్ళీ నింపడమంటే ఓటి కుండలో నీళ్ళు పోయడమే.

చల్లదనం తయారు చేయదు, వేడిని మోస్తుంది

ఏసీ చల్లగాలిని 'తయారు' చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గదిలో వేడిని ఎత్తి బయట పారబోసే మోటారు. బావిలో నీళ్ళు తోడినట్టు వేడిని తోడుతుంది. అందుకే ఇంజనీర్లు దీన్ని 'హీట్ పంప్' కుటుంబంలో వేస్తారు. ఇదే యంత్రాన్ని తిరగేసి నడిపితే చలికాలంలో బయటి వేడిని లోపలికి తెస్తుంది. మన దగ్గర దొరికే 'హాట్ అండ్ కోల్డ్' ఏసీలూ, అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఉండే హీట్ పంపులూ చేసే పని అదే. వాటి సంగతి చివర్లో చూద్దాం.

'టన్ను' అంటే ఏసీ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే దాదాపు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తోడే శక్తి అది. మన కొలతలో 3.5 కిలోవాట్లు. అంటే ఒకటిన్నర టన్ను ఏసీ 5 కిలోవాట్లకు పైగా వేడిని బయట పడేస్తుంది. అయిదు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి వేస్తే పుట్టే వేడి ఎంతో అంత అన్నమాట. అందుకు అది తీసుకునే కరెంటు మాత్రం అందులో మూడో వంతో, నాలుగో వంతో.

ఇంత వేడిని మోసేది గ్యాసే. కానీ ఆ గ్యాస్‌కి వేడిని అందించేదీ, దాన్నుంచి వేడిని తీసుకుపోయేదీ గాలి. ఇండోర్ యూనిట్ మీదుగా గాలి బాగా ఆడాలి, అవుట్‌డోర్ యూనిట్ గుండా గాలి బాగా పోవాలి. ఈ రెండిట్లో ఏది అడ్డుపడినా ఏసీ 'గ్యాస్ అయిపోయినట్టే' ప్రవర్తిస్తుంది. అందుకే ముందు గాలి సంగతి చూడాలి, గ్యాస్ సంగతి ఆఖరున.

ముందు ఒక చిన్న పరీక్ష

గది ఉష్ణోగ్రత చూపించే డిజిటల్ థర్మామీటర్ కొద్ది ధరకే దొరుకుతుంది. తలుపులు మూసి, అతి తక్కువ ఉష్ణోగ్రత పెట్టి, ఫ్యాన్ హైలో ఉంచి 15 నిమిషాలు ఏసీ నడపండి. తర్వాత ఇండోర్ యూనిట్ పైభాగంలో, గాలి లోపలికి పోయే చోట ఎంత ఉందో చూడండి. ఆపైన చల్లగాలి వచ్చే మూతి దగ్గర చూడండి. రెండిటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళల్లో కాస్త తక్కువ రావచ్చు. ఎందుకంటే అక్కడ ఏసీ శక్తిలో కొంత గాలిలో తేమను నీరుగా మార్చడానికే పోతుంది.

తేడా సరిగ్గానే ఉన్నా గది చల్లబడట్లేదంటే తప్పు గదిది. పై అంతస్తు స్లాబు, పడమటి గోడ, కర్టెన్ లేని కిటికీ, తలుపు కింద సందు... ఇవన్నీ బయటి వేడిని లోపలికి తెచ్చి పోస్తుంటే ఏసీ ఎంతని తోడుతుంది? అలాంటి గదికి గ్యాస్ పట్టించినా, రిమోట్‌లో 16 పెట్టినా ఫలితం ఉండదు. 16 పెడితే త్వరగా చల్లబడుతుందనేది భ్రమ. ఎక్కడ ఆగాలో చెప్పడానికే ఆ అంకె. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని కేంద్రం నిబంధన పెట్టింది. దానికి సీలింగ్ ఫ్యాన్ తోడైతే చాలా ఇళ్ళకు సరిపోతుంది.

తేడా 5, 6 డిగ్రీలకు మించట్లేదంటే యంత్రంలోనే ఏదో ఉంది. అప్పుడు వరసగా ఇవి చూడండి.

చల్లదనం తగ్గితే

మొదటిది ఫిల్టర్. ఇండోర్ యూనిట్ మూత ఎత్తితే కనిపించే జల్లెడ. మన రోడ్ల దుమ్ముకి వేసవిలో రెండు వారాలకే అది కంబళిలా తయారవుతుంది. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేయండి. ఐదు నిమిషాల పని. పైసా ఖర్చు లేదు.

రెండోది అవుట్‌డోర్ యూనిట్. దీన్ని చాలామంది కొన్న రోజు చూస్తారు, మళ్ళీ అమ్మేసేటప్పుడు చూస్తారు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతుంది. కాబట్టి బయట 44 డిగ్రీలుంటే, అవుట్‌డోర్‌లోని గ్యాస్ అంతకన్నా బాగా వేడెక్కితేనే తన వేడిని గాలికి ఇవ్వగలదు. ఆ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే ఇంకా వేడెక్కాలి. కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది, చివరికి తట్టుకోలేక తనంతట తానే ఆగిపోతుంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో దీనికి రెండు ప్రత్యేక కారణాలున్నాయి. ఒకటి పావురాలు. అవుట్‌డోర్ వెనక గూడు కట్టి ఈకలతో, పుల్లలతో గాలి దారి మూసేస్తాయి. రెండోది మనమే. బాల్కనీకి అద్దాలో, ప్లాస్టిక్ పరదాలో బిగించి, అవుట్‌డోర్‌ని లోపలే వదిలేస్తాం. అది వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది.

ఇక్కడ ఒక తేలికైన గుర్తు ఉంది. మధ్యాహ్నం రెండింటికి చేతులెత్తేసిన ఏసీ రాత్రి పదింటికి బాగా పనిచేస్తోందా? అయితే అనుమానం గ్యాస్ మీద కాదు. లీకై పోయిన గ్యాస్ రాత్రికి తిరిగి రాదు కదా! అవుట్‌డోర్‌లో దుమ్ము, గాలి ఆడకపోవడం, తక్కువ వోల్టేజీ, నీరసించిన కెపాసిటర్... వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

శుభ్రం చేయాలంటే ముందు ఎంసీబీ ఆపేయాలి. మామూలు కుళాయి పైపుతో, మెల్లగా నీళ్ళు కొట్టాలి. రేకులు పల్చగా ఉంటాయి, గట్టిగా కొడితే వంగిపోతాయి. ఇది బాల్కనీలో చేతికందే యూనిట్లకు మాత్రమే. బయట గోడకు వేలాడే వాటి జోలికి మీరు వెళ్ళొద్దు. మెకానిక్ వెళ్ళినా బెల్టు కట్టుకోమని చెప్పండి. మన చల్లదనం కోసం ఆ కుర్రాడు నాలుగో అంతస్తు గోడకి వేలాడాల్సిన పని లేదు.

లోపల మంచు కడితే

ఏసీలో మంచు కడితే 'అబ్బో, బాగా చల్లగా పనిచేస్తోంది' అనుకుంటారు కొందరు. అది జబ్బు లక్షణం. గాలి తక్కువగా తగిలినప్పుడు కాయిల్ సున్నా కంటే కిందికి చల్లబడి, గాలిలో తేమ దాని మీదే గడ్డకడుతుంది. ఆ గడ్డ ఉన్న కొద్దిపాటి దారినీ మూసేస్తుంది. కూలింగ్ ఆపి రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే కరుగుతుంది. చాకుతోనో, స్క్రూడ్రైవర్‌తోనో గీకితే కాయిల్‌కి చిల్లు పడుతుంది. అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

ఫిల్టర్ కడిగాక కూడా మళ్ళీ మంచు కడుతుంటే, అందులోనూ కాయిల్‌లో ఒక మూల మాత్రమే కడుతుంటే, లేదా అవుట్‌డోర్ దగ్గర సన్న గొట్టం మీద మంచు పొర కనిపిస్తుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరక ఉంటే లీకు అక్కడేనని దాదాపు ఖాయం. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కాస్త బయటికి వస్తుంది.

గోడ మీద నీళ్ళు కారితే

చాలావరకు ఇది డ్రెయిన్ పైపు సమస్య. దుమ్ము, తేమ కలిసి పైపులో నాచులాంటి జిగురు పేరుకుంటుంది. దిగాల్సిన నీరు వెనక్కి పొంగి గోడ మీదికి వస్తుంది. పైపు చివర నుంచి గట్టిగా ఊదినా, పంపుతో గాలి కొట్టినా చాలాసార్లు తెరుచుకుంటుంది. పైపు ఎక్కడా పైకి లేచి ఉండకూడదు, మెలిక పడకూడదు. బకెట్ పెట్టినవాళ్ళు ఒకటి చూసుకోవాలి. పైపు కొస నీళ్ళల్లో మునిగి ఉంటే నీరు సరిగ్గా దిగదు.

పాత సాక్సుల వాసన వస్తుంటే అదీ ఈ తడి వల్లే. ఆపే ముందు పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది, బూజు పట్టదు.

అసలు ఆన్ కాకపోతే

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మొదట నేర్పేది ఇదే. పెద్ద కారణాలు వెతికే ముందు చిన్నవి కొట్టేయాలి. రిమోట్ బ్యాటరీలు మార్చారా? మోడ్ పొరపాటున ఫ్యాన్‌లోకి వెళ్ళిందా? టైమర్ పడిందా? ఫోన్ కెమెరా ఆన్ చేసి రిమోట్ ముందు పెట్టి బటన్ నొక్కితే, రిమోట్ బాగుంటే దాని కొసన వెలుగు మినుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకి కనిపించదు, సెల్ఫీ కెమెరాతో చూడండి.

కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి గానీ మొదలవదు. అది దాని రక్షణ కోసమే. ఆ మూడు నిమిషాల్లో రిమోట్ పదిసార్లు నొక్కి ప్రయోజనం లేదు.

ఏదైనా లైటు మినుకుమంటున్నా, తెర మీద అక్షరం, అంకె కలిపి కనిపిస్తున్నా వెంటనే ఆపేయకండి. ముందు వీడియో తీయండి. ఏ పార్టు ఫిర్యాదు చేస్తోందో ఆ గుర్తు చెబుతుంది. కంపెనీని బట్టి అర్థం మారుతుంది కాబట్టి ఏసీతో వచ్చిన పుస్తకంలో చూడాలి. ఆ తర్వాత ఎంసీబీ ఆపి పది నిమిషాలాగి వేసి చూడొచ్చు.

ఎంసీబీ పదేపదే పడిపోతుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ పైకి ఎత్తకండి. ప్లగ్గు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయాలి. ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎప్పుడూ నడపకూడదు. వర్షాకాలంలో బల్లి దూరి పీసీబీ మీద షార్ట్ అయిన కేసులు మెకానిక్‌లకు మామూలే. వైర్లు లోపలికి వెళ్ళే కంతల్ని మూయించుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోంది గానీ కంప్రెసర్ 'హమ్' అని మూలిగి ఆగిపోతోందా? ఇన్వర్టర్ కాని ఏసీల్లో ఇది తరచుగా కెపాసిటర్ చావు. పార్టు చవకే, మెకానిక్‌కి పావుగంట పని. దీనికి కూడా 'కంప్రెసర్ పోయింది' అని వేలల్లో లెక్క చెబితే, కెపాసిటర్ కొలిచి చూపించమని అడగండి.

నిజంగా గ్యాసే తగ్గితే

మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన మాస్టారొకరు మూడేళ్ళు వరసగా ఏప్రిల్‌లో గ్యాస్ పట్టించారు. ప్రతిసారీ మూడు వేల దాకా అయ్యింది. 'ఏంటి బాబూ, ఏటేటా ఇదేనా?' అని అడిగితే, 'ఎండాకాలంలో ఎక్కువ వాడతారు కదా మాస్టారూ, ఖర్చయితది' అన్నాడట ఆ మెకానిక్. నాలుగో ఏడు వేరే కుర్రాడొచ్చి అవుట్‌డోర్ నట్ల మీద సబ్బు నురగ రాశాడు. ఒక నట్టు దగ్గర బుడగలు లేచాయి. గొట్టం కొస చీలి ఉంది. కోసి కొత్తగా చేసి బిగించడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత మళ్ళీ గ్యాస్ మాట రాలేదు.

మెకానిక్‌లందరూ మోసగాళ్ళని కాదు. సీజన్లో రోజుకి పదిళ్ళు తిరిగేవాళ్ళకి లీకు వెతికే తీరిక ఉండదు, మనకి ఆగే ఓపిక ఉండదు. అందుకే మనమే అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి: లీకు ఎక్కడుంది, చూపిస్తారా? రెండు: బాగు చేశాక నైట్రోజన్ కొట్టి, ఒత్తిడి నిలబడుతోందో లేదో చూస్తారా? మూడు: గ్యాస్ వేసే ముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లో గాలి, తేమ తీసేస్తారా? నాలుగు: గ్యాస్‌ని తూకం వేసి ఎక్కిస్తారా? ఎన్ని గ్రాములు పట్టాలో అవుట్‌డోర్ మీద అతికించిన పట్టీలోనే రాసి ఉంటుంది. 'గేజ్ చూసి వేస్తాం సార్' అంటే సరిపోదు. బయటి ఎండని బట్టి ఒత్తిడి మారుతుంది, ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగాన్ని బట్టి కూడా మారుతుంది. తూకానికి ఆ గొడవ లేదు.

ఇందులో డబ్బు ఒక్కటే కాదు. ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఉండేది ఆర్32. ఓజోన్ పొరకి హాని చెయ్యదు గానీ, ఒక కిలో ఆర్32 గాల్లో కలిస్తే వందేళ్ళ లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అంతకుముందు వచ్చిన ఆర్410ఏ అయితే 2 వేల కిలోలకు పైనే. ఏటా లీకయ్యి, ఏటా నింపడమంటే ఆ వేసవిని మనమే ఇంకాస్త పెంచుకోవడం.

చెయ్యి పెట్టకూడని చోట్లు

ఫిల్టరు, డ్రెయిన్ పైపు, చేతికందే అవుట్‌డోర్ కడగడం, రిమోట్, ఎంసీబీ... మన హద్దు ఇంతవరకే. స్విచ్ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, ఇన్వర్టర్ ఏసీ బోర్డులో కొన్ని నిమిషాల పాటు ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. వీడియోలు చూసి ఆ డబ్బా విప్పొద్దు. ఆర్32 కొద్దిగా మండే గుణమున్న గ్యాస్. కొన్ని ఏసీల్లో వాడే ఆర్290 అయితే ప్రొపేనే, బాగా మండుతుంది. వెల్డింగ్ చేస్తుంటే కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచండి. లీకు పరీక్షకి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ కొట్టబోతే అక్కడే ఆపించండి. ఆక్సిజన్, కంప్రెసర్ ఆయిల్ కలిస్తే పేలుతుంది.

వడగాడ్పుల రోజున ఏసీ ఆగితే యంత్రం కంటే ముందు మనుషుల్ని చూడండి. పెద్దవాళ్ళని, చంటిపిల్లల్ని పక్కింటికో, కింది అంతస్తుకో మార్చండి. మెకానిక్ సాయంత్రం వచ్చినా ఫరవాలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి

ఇక తిరగేసి నడిచే యంత్రం సంగతి. నార్త్ కరోలినా, జార్జియా లాంటి రాష్ట్రాల్లో చాలా ఇళ్ళకి చలికాలం వెచ్చదనమిచ్చేది హీట్ పంపే. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు మొదటి చలికాలంలో బెదిరిపోయేది మూడు విషయాలకి.

ఒకటి, బయట యూనిట్ నుంచి పొగ. అది పొగ కాదు, ఆవిరి. బయట కాయిల్ మీద మంచు పట్టినప్పుడు యంత్రం కొన్ని నిమిషాల పాటు ఏసీలా తిరగబడి ఆ మంచుని కరిగిస్తుంది. బుస్సుమని చప్పుడు రావడం, బయటి ఫ్యాన్ ఆగడం, ఆవిరి లేవడం అన్నీ మామూలే. యూనిట్ మొత్తం గడ్డకట్టి గంటలు గడిచినా కరగకపోతేనే జబ్బు. అప్పుడు ఆపేసి టెక్నీషియన్‌ని పిలవాలి.

రెండు, గోరువెచ్చటి గాలి. గ్యాస్ ఫర్నెస్‌లా చురుక్కుమనే వేడి దీన్నుంచి రాదు. తక్కువ వేడిని ఎక్కువసేపు ఇస్తుంది. 'సరిపోవట్లేదు' అని థర్మోస్టాట్‌లో 'ఎమర్జెన్సీ హీట్' నొక్కితే హీట్ పంప్ పక్కకి తప్పుకుని మామూలు కరెంటు హీటర్ తీగలు పనిచేస్తాయి. బిల్లు రెండు మూడింతలవుతుంది. రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచినా చాలాసార్లు ఆ తీగలే వెలుగుతాయి. ఒకే అంకె మీద వదిలేయడం మేలు.

మూడు, చలిలో చల్లగాలి. కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ సొంతంగా బిగించుకున్న మా ఇంజనీర్ల ఇళ్ళల్లో ఇది ఎక్కువ. యంత్రాన్ని తిరగేసే వాల్వ్‌కి వెళ్ళే నారింజ వైరు సెట్టింగ్‌లో 'ఓ', 'బీ' అని రెండు రకాలుంటాయి. అది తారుమారైతే వేడి అడిగితే చలి వస్తుంది. సెట్టింగ్ మారిస్తే సరి. ఇవేవీ కాకపోతే ఫిల్టర్, బ్రేకర్ చూడండి. లోపలి యూనిట్‌కీ, బయటి యూనిట్‌కీ వేర్వేరు బ్రేకర్లుంటాయి. బయటిది పడిపోయినా లోపలి ఫ్యాన్ మామూలుగా తిరుగుతూనే ఉంటుంది.

ఏ దేశమైనా సర్వీసింగ్‌కి మంచి రోజులు సీజన్‌కి ముందే. మనకైతే ఫిబ్రవరి నెలాఖరు, మార్చి మొదటివారం. అప్పుడు మెకానిక్‌కి తీరిక ఉంటుంది, మనకి ప్రశ్నలడిగే ఓపిక ఉంటుంది. ఈలోగా ఇవాళే ఒకసారి మూత ఎత్తి ఆ ఫిల్టర్ ఎలా ఉందో చూడండి.